ఎక్స్‌ట్రా అంటే ఏ ఎక్స్‌ట్రా?

సెలవులకు డల్లాస్ నుంచి అనంతపురం వెళ్లే ముందు, అక్కడ మా పిల్లల తెలుగు ఎక్కడ తడబడుతుందోనని టెన్షన్ పడతాను. తీరా వెళ్లాక చిక్కంతా ఇంగ్లిష్ మాటలతోనే. ‘ఎక్స్‌ట్రా’నే తీసుకోండి.

మా అన్న కొడుకు ఇంటర్. ఆదివారం పొద్దున్నే "ఎక్స్‌ట్రా క్లాసుంది" అని మొహం వేలాడేసుకుని బయల్దేరితే, మా అమ్మాయి "లక్కీ!" అంది. డల్లాస్‌లో దాని బడిలో ఎక్స్‌ట్రా క్రెడిట్ అంటే, ఇష్టముంటే ఇంకో పని చేసి మార్కులు పెంచుకోవడం. వీడి క్లాసులో ఇష్టం అడిగేదెవరు? ఎగ్గొడితే మా అన్నకు ఫోనొస్తుంది.

మా వాడికి క్రికెట్ దగ్గర పేచీ. టీవీలో ‘ఎక్స్‌ట్రాలు’ కనబడగానే "ఎక్స్‌ట్రా ఇన్నింగ్సా తాతా?" అన్నాడు. బేస్‌బాల్‌లో 9 ఇన్నింగ్స్ అయ్యాక కూడా స్కోరు సమానంగా ఉంటే, ఆట తేలేదాకా ఆడేవి అవి. నాన్న టీవీ సౌండు తగ్గించి మరీ వైడు, నోబాల్, బై, లెగ్‌బై చెప్పుకొచ్చాడు. "పరుగు టీముకొస్తుంది, బ్యాట్స్‌మన్ లెక్కలో పడదు."

"మరి కొట్టిందెవరు?"

"ఎవరూ కొట్టలేదు నాయనా, వాళ్లే ఇచ్చుకున్నారు."

కొట్టకుండా పరుగెలా వస్తుందని వాడు రాత్రి పడుకునేదాకా నన్ను సతాయించాడు.

అసలు తమాషా ఉగ్గాని దగ్గర. తడి బొరుగులు పోపులో తిప్పి, పైన పుట్నాల పొడి చల్లి, అమ్మ మిరపకాయ బజ్జీ మీద బజ్జీ వేస్తూనే ఉంది. మా అమ్మాయి నా చెవిలో "అవ్వ ఈజ్ సో ఎక్స్‌ట్రా" అని గొణిగింది. ఈ తరం అమెరికా పిల్లల భాషలో అంటే అతి చేస్తోందని. అమ్మకు చివరి ముక్క మాత్రం వినబడింది.

"ఎక్స్‌ట్రా ఎక్కడివి పాపా? అందరికీ లెక్కపెట్టే వేసినా."

పిల్ల రెండు చేతులూ ప్లేటుకు అడ్డం పెట్టింది. మా వదిన ఆ చేతులు పక్కకు తోసి, "ఎక్స్‌ట్రాలు చెయ్యకుండా తినమ్మా" అంది. అంటే అతి చెయ్యొద్దనే! అవ్వను తను అన్న మాటే తిరిగి తనకు తగిలిందని పిల్లకు తెలీదు. నేనూ వెంటనే చెప్పలేదు, నవ్వాపుకోవడంతోనే సరిపోయింది.

ఇప్పుడు డల్లాస్‌లో తమ్ముడు పళ్లు తోముకోనని మొండికేస్తే "ఎక్స్‌ట్రాలూ చెయ్యకు" అంటోంది, అచ్చం వాళ్లత్త సాగదీసినట్టే.