పీత నెత్తురు లేకుండా ఎండోటాక్సిన్ టెస్టు: ముందు నీళ్లతో మొదలుపెట్టండి

పైడిభీమవరం మందుల కంపెనీల్లో క్యూసీ మైక్రో (నాణ్యత పరీక్షల మైక్రోబయాలజీ) వాళ్లకి లైసేట్ అంటే ఫ్రిజ్‌లో ఉండే చిన్న గాజు సీసా. ఇంజెక్షన్ మందులో, నీళ్లలో బాక్టీరియా విషం, అంటే ఎండోటాక్సిన్, ఉందో లేదో చెప్పే రీజెంట్. అది గుర్రపునాడా పీత రక్తకణాల నుంచి వస్తుందని ట్రైనింగ్‌లో ఒకసారి చెబుతారు, తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అమెరికా అట్లాంటిక్ తీరంలో ఆ పీతల్ని పట్టి, సూది గుచ్చి నీలం నెత్తురు తీసి, మళ్లీ సముద్రంలో వదులుతారు. వాటిలో 15 శాతం చనిపోతాయని అక్కడి మత్స్య కమిషన్ వేసుకునే లెక్క. 30 శాతం దాకా అన్న అధ్యయనాలూ ఉన్నాయి. తేలినీలాపురం గూడబాతులకు అక్కడి చెట్లు ఎలాగో, ఆర్కిటిక్‌కి ఎగిరే రెడ్ నాట్ పిట్టలకు డెలావేర్ ఇసుకలో ఈ పీతల గుడ్లు అలాగ. ఆ పిట్టను అమెరికా 2014లో ముప్పున్న జాతిగా ప్రకటించింది. తూర్పు ఆసియా పీత గతి ఇంకా అన్యాయం. నెత్తురు తీశాక చాలావాటిని వదలరు, మాంసానికి అమ్మేస్తారు. 2019 నుంచి అది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే, అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. మనకి పైన బాలాసోర్ తీరంలో దొరికే జాతులకు మన వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

దీనికి సింథటిక్ బయాలజీ చూపిన దారి రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి, అంటే ఎండోటాక్సిన్‌ను పట్టే పీత ఎంజైమ్‌ను పీత లేకుండా తయారుచెయ్యడం. సింగపూర్ శాస్త్రవేత్తలు మడ అడవి పీత నుంచి ఆ ఎంజైమ్ జన్యువును తీశారు. ఇప్పుడు దాన్ని కీటక కణాల్లో పెట్టి ఎంజైమ్‌ను ట్యాంకుల్లో పెంచుతారు. 2003 నుంచి కిట్లు దొరుకుతున్నాయి.

లైసేట్‌తో చేసే పాత పద్ధతి జెల్ క్లాట్‌లో సాంపిల్, లైసేట్ చెరో 0.1 మిల్లీలీటరు కలిపి 37 డిగ్రీల్లో గంట పెట్టి, ట్యూబు తలకిందులు చేస్తాం. గడ్డ జారకుండా నిలిస్తే పాజిటివ్. మధ్యలో ట్యూబులున్న వేడి బ్లాకును ఎవరైనా తగిలారా, గడ్డ విరిగి పాజిటివ్ కాస్తా నెగటివ్ అయిపోతుంది. కొత్త పద్ధతిలో గడ్డ లేదు, వెలుగే. బాగా వాడుకలో ఉన్న ఒక కిట్ లెక్క ఇది: ఎంజైమ్ 1, బఫర్ 4, సబ్‌స్ట్రేట్ 5 పాళ్లు. ప్లేటులోని గుంటలో (వెల్) 100 మైక్రోలీటర్ల సాంపిల్ వేసి 37 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచాలి. మరో 100 మైక్రోలీటర్ల రీజెంట్ వేసి వెంటనే ఒకసారి, గంటకి ఇంకోసారి చదవాలి. 380 నానోమీటర్ల కాంతి ఇచ్చి 440 దగ్గర చూస్తారు. అంటే మామూలు ప్లేట్ రీడర్ పనికిరాదు, ఫ్లోరెసెన్స్ రీడర్ కావాలి. కొనుగోలు ఫైలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది.

తేడా వచ్చేది స్టాండర్డ్‌లోనే, అంటే పోల్చుకోవడానికి వాడే, ఎంతుందో తెలిసిన ఎండోటాక్సిన్‌లోనే. ఎండోటాక్సిన్ ప్లాస్టిక్ గోడకి అంటుకుపోతుంది. 250 డిగ్రీల్లో 30 నిమిషాలు కాల్చిన గాజు ట్యూబులే వాడాలి. మొదటి సీసాను 15 నిమిషాలు వార్టెక్స్ చెయ్యాలి, ప్రతి డైల్యూషన్‌ను ఒక నిమిషం. తొందరపడితే కర్వ్ వంకర పోతుంది. స్పైక్ రికవరీ, అంటే సాంపిల్‌లో మనం కలిపిన ఎండోటాక్సిన్ తిరిగి కనబడే శాతం, 50 నుంచి 200 శాతం మధ్య రావాలి; రాకపోతే ముందు పీహెచ్ చూడండి, తర్వాత ఈడీటీఏ, సిట్రేట్ లాంటి అడ్డుపడే పదార్థాలు ఉన్నాయేమో చూడండి.

క్యూఏని (నాణ్యతకు హామీ ఇచ్చే విభాగాన్ని) కంగారు పెట్టేది ఇంకోటుంది. లైసేట్‌లో బీటా గ్లూకాన్‌కి స్పందించే ఫ్యాక్టర్ జి కూడా ఉంటుంది. సెల్యులోజ్ ఫిల్టర్లు, దూది నుంచి గ్లూకాన్ వస్తే పాత పద్ధతి లేని విషాన్ని చూపిస్తుంది. కొత్తదానిలో ఆ ఫ్యాక్టర్ లేదు కాబట్టి అంకె తగ్గుతుంది. ‘కొత్త కిట్ సరిగా పట్టట్లేదు’ అని తిప్పికొట్టేముందు ఫిల్టర్ ఏమిటో అడగండి.

అన్నట్టు, నెత్తురు అక్కర్లేకపోతే పీతలు బతికిపోతాయనుకోకండి. అక్కడ వాటిని ఈల్ చేపలకు, సముద్రపు నత్తలకు ఎరగానూ పడతారు. నెత్తురు కొనేవాడు తప్పుకుంటే పీత కోసం గట్టిగా మాట్లాడే గొంతు ఒకటి తగ్గుతుందేమోనని నా అనుమానం.

యూరప్ ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల పుస్తకం) ఈ రీకాంబినెంట్ పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది, అమెరికాది 2025 మేలో అమల్లోకి వచ్చింది. అయినా ఫైలింగ్ అయిన (నియంత్రణ సంస్థకు వివరాలు ఇచ్చేసిన) ప్రొడక్టుల జోలికి మొదటే వెళ్లకండి. రోజువారీ టెస్టుల్లో పెద్ద వాటా నీళ్లదే, ఇంజెక్షన్ నీళ్లకు లిమిట్ మిల్లీలీటరుకి 0.25 యూనిట్లు, అడ్డుపడే పదార్థాలూ దాదాపు ఉండవు. ముందు ఆ నీళ్ల సాంపిల్ పాయింట్లను రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కన నడపండి. సీజన్లు మారినప్పటి అంకెలు కూడా చేతికొచ్చాక చేంజ్ కంట్రోల్ (పద్ధతి మార్పుకు అనుమతి ఫైలు) తెరవండి. ప్రొడక్టుల లైసేట్ స్టాకు అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.