మాస్టారి ఆత్మకథ, నా పబ్లిక్ రిపో

నిన్న మధ్యాహ్నం గిట్‌హబ్ నుంచి, అంటే ప్రోగ్రాంల కోడ్ పెట్టుకునే వెబ్‌సైటు నుంచి, మెయిల్ వచ్చింది. నా వల్ల నెట్‌లోకెక్కిన మాస్టారి ఆత్మకథ కాపీల్లో మిగిలిపోయిన ఆ ఒక్కదాన్ని కూడా తీసేశారట. ఆరు వారాల టెన్షన్ తీరింది. సిగ్గు మాత్రం ఇంకా తీరలేదు. అది కూడా చల్లారితే కథను నాకు అనుకూలంగా మార్చి చెప్పుకుంటాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మా బాబాయికి విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు, సొంత డబ్బుతో అచ్చేయించుకునే కవుల పుస్తకాలు. పనంతా పాత అనూ ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. మా బాబాయి దాన్ని వదలనూ లేదు. ఆ ఫైల్‌ను ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు. ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేలూ చుక్కలూ కలిపి గుమ్మరించినట్టుంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతిలోకి, మార్చే ప్రోగ్రాం ఒకటి సరదాకి మొదలుపెట్టాను.

ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయని తెలుసు. నాది వాటికంటే బాగుంటుంది. పాత ఫాంటులో అక్షరం కంటికి కనపడే ముక్కలుగా ఉంటుంది. 'స్త్రీ' అంటే ముందు 'సీ', దానికి త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో అలా కుదరదు. స, పొల్లు, త, పొల్లు, ర, చివర్న గుడి దీర్ఘం, మొత్తం ఆరు కోడ్లు ఈ వరసలోనే ఉండాలి. అంటే ప్రతి గుణింతాన్నీ పట్టుకుని వత్తులన్నీ దాటించి చివర కూర్చోబెట్టాలి. నా ప్రోగ్రాం 300 పేజీల పుస్తకాన్ని నాలుగు సెకన్లలో కూర్చోబెడుతుంది.

రెండేళ్లు ప్రైవేటుగానే ఉంచాను. గిట్‌హబ్‌లో 2019 జనవరి నుంచి ప్రైవేటు రిపోలు (ఒక ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉంచే ఫోల్డర్లు) కూడా ఉచితమే కాబట్టి ఖర్చేం లేదు. కానీ చుట్టాలు రాని ఇంట్లో దుప్పటి దులపబుద్ధి కాదు. నెలల తరబడి ముట్టుకునేవాణ్ణి కాదు. ఒక ఆదివారం విసుగొచ్చి పబ్లిక్ చేసేశాను, ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సు పెట్టాను, అంటే ఓపెన్ సోర్స్ చేశాను. రెండు నిమిషాల పని.

లాభం వెంటనే కనపడింది, అది ఒప్పుకోవాలి. పది రోజుల్లో ముక్కూమొహం తెలియని ఒకాయన, నా ప్రోగ్రాంలో 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'వ' విడిగా నిలవకుండా 'ఫ' కింద వత్తుగా మారుతోందని చెప్పి, పొల్లు తర్వాత కంటికి కనపడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే అక్షరాలను అతుక్కోనివ్వని గుర్తు, ఒకటి పెట్టి సరిదిద్ది పంపాడు. రెండేళ్లుగా నాకు తట్టని సంగతి. నచ్చినవాళ్లు నొక్కే స్టార్లు కూడా పదకొండు వచ్చాయి. అమ్మకు చూపించాను.

తర్వాత ఓ గురువారం బాబాయి ఫోన్. "ఒరేయ్, ఒకసారి షాపుకి రా." గొంతు మామూలుగా లేదు.

వెళ్లేసరికి మాస్టారు కూర్చుని ఉన్నారు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, రిటైరైన తెలుగు మాస్టారు. జనవరిలో మా ఊళ్లో జరిగే పుస్తక మహోత్సవానికల్లా ఆత్మకథ తేవాలని ఏడాదిగా బాబాయి చేత కంపోజ్ చేయిస్తున్నారు. పక్కన పెళ్లికార్డు ప్రూఫ్ చూసుకుంటున్న భార్యాభర్తలు, టీ కుర్రాడు. మాస్టారు ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చారు.

"చదువయ్యా. గట్టిగా."

అది నా రిపోనే. టెస్టుల ఫోల్డరు. ప్రోగ్రాం సరిగ్గా మారుస్తోందో లేదో చూసుకోవడానికి షాపు కంప్యూటర్‌లోంచి ఫైళ్లు తెచ్చుకున్నాను. పెళ్లికార్డులు పదో పన్నెండో, మాస్టారి ఆత్మకథలో మూడు అధ్యాయాలు. పబ్లిక్ చేసిన ఆదివారం ఆ ఫోల్డరు సంగతే గుర్తులేదు. పాత ఫాంటులో ఉన్నంతకాలం ఆ మాటలు ఏ సెర్చికీ దొరికేవి కావు. నేను వాటిని శుభ్రమైన యూనికోడ్‌లోకి మార్చి మరీ పక్కన పెట్టాను. అమెరికాలో ఉన్న మాస్టారి తమ్ముడి కొడుకు తన ఇంటిపేరూ ఊరి పేరూ కొట్టి వెతికితే నా ఫైల్ దొరికింది. అందులో ఉన్నది అన్నదమ్ముల పొలం పంపకాల అధ్యాయం. అచ్చుకు ముందు తీసేద్దామని మాస్టారు అనుకున్న అధ్యాయం.

చదివాను, నిలబడే. మూడో వాక్యానికి గొంతు పోయింది. పెళ్లివాళ్లు ప్రూఫ్ పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు.

"ఎవరినడిగి పెట్టావు?"

"ఓపెన్ సోర్సండి మాస్టారూ..." ఇంతకంటే తెలివితక్కువ మాట ఆ రోజు విజయవాడలో ఇంకెవరూ అని ఉండరు.

"సోర్సంటే మూలమే కదా? మూలం నాది. తెరవడానికి నువ్వెవరు?"

అక్కడితో అయిపోయినా బాగుండేది. "దాని పైన రాసింది కూడా చదువు" అన్నారు. ఆ ఫైల్ ఎక్కించినప్పుడు నేను పెట్టిన కమిట్ మెసేజ్, అంటే ప్రతి మార్పుతో పాటు రాసుకునే చిన్న నోటు అది. 'మాస్టారి సోది, రెండో భాగం.' అదీ చదివించారు. టీ కుర్రాడు నవ్వాడు. పెళ్లివాళ్లలో ఆవిడ మెల్లగా, "మా కార్డు కూడా అందులో ఉందా బాబూ?" అని అడిగింది. వాళ్లది లేదు. కానీ ఉన్నవాటిలో ఫోన్ నంబర్లతో సహా ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. బాబాయి బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు.

అక్కడే నిలబడి ఫోన్‌లోంచి ఫైళ్లు డిలీట్ చేసి, "పోయాయండి" అన్నాను. అదీ అబద్ధమే. ఇవాళ తీసేసిన ఫైల్ నిన్నటి కమిట్‌లో పదిలంగా ఉంటుంది, మార్పులన్నిటినీ దాచిపెట్టే గిట్ అనే టూల్ చేసేదే ఆ పని. ఇంటికెళ్లి రిపోను ప్రైవేటు చేశాను. స్టార్లన్నీ పోయాయి, మళ్లీ పబ్లిక్ చేసినా తిరిగి రావు. పోతే పోయాయి. కానీ అప్పటికే ఇద్దరు దాన్ని ఫోర్క్ చేసుకున్నారు, అంటే తమ ఖాతాల్లోకి కాపీ చేసుకున్నారు. మనం ప్రైవేటు చేసినా వాళ్ల ఫోర్కులు పబ్లిక్‌గానే ఉంటాయి. రాస్తే ఒకాయన ఆ రాత్రే తీసేశాడు. రెండో ఆయన మూడు మెసేజ్‌లకూ ఉలకలేదు, పలకలేదు.

కమిట్ల చరిత్ర తిరగరాయడానికి గిట్ ఫిల్టర్ రిపో అని ఒక టూల్ ఉంది. నా కాపీకి ఒక పూట పట్టింది. పక్కవాడి ఫోర్కు జోలికి అది పోలేదు. దానికి మిగిలిన దారి డీఎంసీఏ అనే 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం కింద, తీసేయమని గిట్‌హబ్‌కు పంపే నోటీసు. అది హక్కుదారు పంపాలి, లేదా ఆయన అనుమతి ఉన్నవాళ్లు పంపాలి. హక్కుదారు మాస్టారే. అంటే మళ్లీ ఆయన గుమ్మం ఎక్కాలి.

గుంటూరు బస్సులో దారి పొడుగునా క్షమాపణ వల్లె వేసుకున్నాను. అక్కడ ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆయన వరండాలో కూర్చోబెట్టి, నేను ఇంగ్లీషులో రాసుకెళ్లిన నోటీసును పేరా పేరా తెలుగులో చెప్పించుకున్నారు. అలాంటి నోటీసులను, వ్యక్తిగత వివరాలు కొట్టేసి, గిట్‌హబ్ ఒక పబ్లిక్ రిపోలో పెడుతుందని కూడా చెప్పాల్సి వచ్చింది.

"దాచమని పెట్టుకున్న అర్జీని కూడా నలుగురికీ చూపిస్తారా?" అన్నారు. మొదటిసారి కొంచెం నవ్వారు. అనుమతి కాగితం మీద సంతకం చేశారు. కాఫీ ఇవ్వలేదు.

ఈ గొడవ మధ్యలోనే మా ఆఫీసులో ఒక పెద్దమనిషి, సొంత ప్రాజెక్టు పబ్లిక్ చేయడానికి అనుమతి తీసుకున్నావా అని మెయిల్ పెట్టాడు. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమానే మొదటి హక్కుదారు. ఆదివారాలు మా మేడ మీద, నేను కొనుక్కున్న లాప్‌టాప్‌లో రాసింది ఉద్యోగంలో భాగం ఎలా అవుతుంది? అయినా ఆఫర్ లెటర్‌లో ఏ మూల ఏం రాశారో ఒకసారి చదువుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకండి. ఆ పెద్దమనిషి ఆఫీసు టైములో షేర్ల వ్యాపారం చేస్తాడు, అది వేరే సంగతి.

అన్నీ పబ్లిక్‌గానే చేయండి, ఉద్యోగాలు వెతుక్కుంటూ వస్తాయి అని పిల్లలకు నూరిపోసేవాళ్లు లినస్ టోర్వాల్డ్స్‌ను చూపిస్తారు. 1991లో హాబీ అని చెప్పే ఆయన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బయటపెట్టాడు, నిజమే. బయటపెట్టింది తను రాసుకున్న కోడ్. పక్కింటాయన ఆత్మకథ కాదు. నా కోడ్ ఎంత చెత్తగా ఉన్నా నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, దానికి నాకిప్పుడు భయం లేదు. అందుకే పాత చరిత్రంతా వదిలేసి, ఒకే ఒక్క కమిట్‌తో కొత్త రిపో తెరిచి మళ్లీ పబ్లిక్‌గానే పెట్టాను. సరిదిద్ది పంపినాయన పేరు మొదటి పేజీలోనే రాశాను. స్టార్లు రెండు. ఒకటి మా తమ్ముడిది.

టెస్టులకు ఇప్పుడు పాత శతక పద్యాలు, నేనే కల్పించిన పెళ్లికార్డు ఒకటి. మొన్న దాన్ని ప్రింటు తీసి బాబాయి బల్ల మీద పెట్టాను, మాట కలుపుదామని. కళ్లజోడు సర్దుకుని చదివి, "ఆషాఢ బహుళ పంచమికి పెళ్లేంట్రా?" అన్నాడు. పెన్నుతో కొట్టేసి, పైన శ్రావణం అని రాసి తిరిగిచ్చాడు.