తాలు కాని తెల్ల మిరప

భూటాన్‌లోని పారో లోయలో ఇళ్ల పైకప్పుల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కప్పు నిండా ఎరుపే. బండి రోడ్డు పక్కన ఆపి హెల్మెట్ తీసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. మా కల్లంలో ఇంత కాయ ఉంటే దారినపోయేవాడు తుమ్మకుండా పోడు. ఇక్కడ చలిగాలికి ఘాటు పైకి లేవలేదు గానీ, ఆ రంగు మాత్రం సంక్రాంతి దాటాక మా ఊరి రంగే.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. నాన్న ముప్ఫై ఏళ్లుగా మిరప వేస్తున్నాడు. నేను చదువుకునే రోజుల్లో సెలవులన్నీ టిక్కీలు (మిరప బస్తాలు) తొక్కడంతో, వాటిని గుంటూరు మిర్చి యార్డుకు తోలడంతో గడిచాయి. ఉద్యోగంలో పడ్డాక కొన్న మొదటి పెద్ద వస్తువు ఈ హిమాలయన్ బండి. దానిమీద దేశం దాటాలని ఎప్పటినుంచో కోరిక. అక్టోబరులో గుంటూరు నుంచి బయలుదేరి విశాఖ, భువనేశ్వర్, కోల్‌కతా, సిలిగురి మీదుగా సరిహద్దు ఊరు జైగావ్ చేరేసరికి దాదాపు 2,000 కిలోమీటర్లు అయింది. ఆ దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హైవే, లారీలు, వెన్నునొప్పి.

జైగావ్‌లో ఒక గేటు దాటితే అవతల ఫుయెంట్‌షోలింగ్. గేటుకు ఇవతల హారన్లు ఆగవు, అటు అడుగు పెట్టగానే ఊరంతా నిశ్శబ్దం. గడియారం అరగంట ముందుకు జరుపుకోవాలి. మన రూపాయి, వాళ్ల నుల్ట్రం ఒకటే విలువ. మన దేశస్థులు రాత్రికి 1,200 రూపాయల చొప్పున ఫీజు కట్టాలి. థింఫు, పారో దాటి లోపలికి పోవాలంటే వెంట గైడ్ ఉండాలి. మా గైడ్ తన చిన్న కారులో నా వెనకే వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, హిందీ చక్కగా మాట్లాడతాడు.

ఈ కొండరోడ్లు మనవాళ్లు వేసినవి. సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్ల దంతక్ ప్రాజెక్టు 1961లో మొదలైంది. మలుపు మలుపుకీ వాళ్ల పసుపు బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. గంటకు ముప్ఫై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మొదటిరోజు నాకు చిరాకేసింది. మూడోరోజుకి ఆ నడకే ఒంటికి పట్టింది. 3,100 మీటర్ల ఎత్తున దోచులా కనుమ మీద 108 చోర్టెన్‌లు (బౌద్ధ స్తూపాలు) మబ్బులో సగం మునిగి కనిపించాయి. చేతులు కొంకర్లు పోయి క్లచ్ లీవరు పట్టు దొరకలేదు. అక్కణ్నుంచి పునాఖాకు దిగితే మళ్లీ వరిచేలు, వెచ్చటి గాలి. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం చెమట.

నేను రాయాలనుకున్నది మాత్రం తిండి గురించి. మొదటిరోజు రాత్రి ఎర్రబియ్యపు అన్నం, పక్కన గిన్నెలో ఎమా దాట్సి పెట్టారు. ఎమా అంటే మిరప, దాట్సి అంటే జున్నులాంటి చీజ్. కూర ఏదని అడిగాను. "ఇదే కూర" అన్నాడు గైడ్. మిరపకాయలు నిలువునా చీరి చీజ్‌లో ఉడికించారు. అంతే. మనం మిరపను కూరలో వేస్తాం, వాళ్లు మిరపనే కూరగా వండుకుంటారు. మిరప పండించే ఇంట్లో పుట్టి, ఈ పంటకు ఇంత మర్యాద ఇచ్చే జాతి ఒకటుందని ముప్ఫై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

ట్రోంగ్సా దాటి యోటోంగ్ లా కనుమ ఎక్కి బుమ్‌తాంగ్‌లో దిగాక ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాం. ఆ ఇంటావిడకు డెబ్బై పైనే ఉంటాయి. వంటింటి దూలానికి కాయల దండలు వేలాడుతున్నాయి, ఎర్రవి కొన్ని, పాలిపోయినట్టు తెల్లగా ఉన్నవి కొన్ని. తెల్లవి చూడగానే నా నోట "తాలు" అనే మాట వచ్చేసింది. యార్డులో తాలు కాయ అంటే మచ్చబడిందనీ రంగు పోయిందనీ విసిరేసినట్టు ధర కడతారు. అకాల వాన ఒక్కటి పడితే చాలు, కల్లంలో సగం కాయ తాలైపోతుంది. ఆ రాత్రుళ్లు మా ఇంట్లో ఎవరూ సరిగా తినరు.

ఆవిడ నవ్వి గైడ్‌తో చాలాసేపు చెప్పింది. పచ్చికాయను వేడినీళ్లలో ముంచి తీసి, తెల్లబడేదాకా ఎండలో పెడతారట. దాని పేరు షుకమ్. చలికాలమంతా వాడుకోడానికి కావాలనే అలా చేసుకుంటారు.

మందులు ఎన్నిసార్లు కొడతారని అడిగాను. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. గైడ్ రెండోసారి చెప్పాక తల అడ్డంగా ఊపింది. పెరట్లో పది సాళ్లు, పేడ ఎరువు, అంతే. గైడ్ నెమ్మదిగా ఇంకో సంగతి కూడా చెప్పాడు. 2016లో మన దేశం నుంచి వెళ్లే పచ్చిమిర్చిలో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని భూటాన్ దిగుమతి ఆపేసిందట. నన్ను నొప్పించాలని అతను చెప్పలేదు. కానీ నాకు ముద్ద దిగలేదు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు నాన్న వారం తిరక్కుండా మందు కొట్టడం నా కళ్లతో చూశాను. కొట్టకపోతే పూత నిలవదు, కొడితే అప్పు. పది సాళ్ల పెరడుకూ నాలుగెకరాల కౌలుకూ పోలిక లేదని నాకు తెలుసు. ఆ మాట ఆవిడకు ఏ భాషలో చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

తర్వాతి దారి ఈ ప్రయాణం మొత్తానికీ కష్టమైంది. థ్రుంషింగ్ లా కనుమ 3,700 మీటర్ల పైమాటే. అక్కణ్నుంచి లింగ్‌మెథాంగ్ దాకా మూడు వేల మీటర్లు దిగుడే దిగుడు. ఒకపక్క నున్నటి రాతిగోడ, ఇంకోపక్క ఏమీ లేదు. ఈ రాయి తొలుస్తూ చాలామంది కూలీలు చనిపోయారని గైడ్ చెప్పి కారు దిగి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. పొగమంచులో ముందు చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. రెండో గేరు వదలకుండా, బ్రేకు వేడెక్కినప్పుడల్లా ఆగుతూ దిగాను. కింద అరటిచెట్లు కనిపించాక గానీ భుజాలు సడల్లేదు. మోంగర్, ట్రషీగాంగ్ చూసుకుని సంద్రుప్ జోంఖార్ దగ్గర అస్సాంలోకి దిగాం. భూటాన్ లోపల పదకొండు రోజులు, దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

ఇంటికి వచ్చాక, ఆవిడ కాగితంలో చుట్టిచ్చిన తెల్లకాయలు నాన్న చేతిలో పెట్టాను. ఒకటి విరిచి వాసన చూశాడు.

"తాలు కాయలు మోసుకొచ్చావేంట్రా అంత దూరం నుంచి?"

సంగతంతా చెప్పాను. రెండో కాయ విరిచి గింజలు అరచేతిలో పోసుకున్నాడు.

"ఎన్ని మందులు కొట్టిందంట?"

"ఒక్కటీ లేదంట నాన్నా."

ఆయన ఏమీ అనలేదు. అన్నం ముందు కూర్చున్నాక, ఊరమిరపకాయలు వేయించినట్టు వాటిని వేయించమని అమ్మతో అన్నాడు. పెరుగన్నంలో నంజుకుని మెల్లగా నమిలాడు.

"ఇంకో రెండు వెయ్యి" అన్నాడు.