జేసన్‌లో తేదీలు: ప్యాటర్న్ దగ్గరే అసలు చిక్కు

ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ ఫార్మాట్ జేసన్. దానికి తేదీ అనే టైపే లేదు. అందుకే ఒక సర్వర్ 05/03/2024 అని స్ట్రింగ్ పంపుతుంది, ఇంకోటి 1700000000 అని నంబర్ పంపుతుంది. రెండూ చెల్లుతాయి. మొదటిది మార్చి 5 కావచ్చు, మే 3 కావచ్చు. పంపేవాళ్లనే అడగాలి, లేదంటే అదే ఫీల్డ్‌లో 12 దాటిన అంకె ఏ స్థానంలో వస్తోందో చూడాలి.

నంబరైతే అది సాధారణంగా 1970 జనవరి 1 నుంచి గడిచిన కాలం, దాని అంకెలు లెక్కపెట్టండి. ఈ కాలపు తేదీకి పది ఉంటే సెకన్లు, పదమూడు ఉంటే మిల్లీసెకన్లు. పై నంబర్ సెకన్లలో 2023 నవంబర్ 14. మిల్లీసెకన్లనుకుని చదివితే 1970 జనవరి 20! స్క్రీన్ మీద 1970 కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

జావాలో జేసన్‌ను చదివి రాసే జాక్సన్ లైబ్రరీ వాడేవాళ్లు ఫీల్డ్ మీద జేసన్‌ఫార్మాట్ యానొటేషన్ (కోడ్‌కు తగిలించే గుర్తు) పెట్టి ప్యాటర్న్ ఇస్తారు, అంటే తేదీ ఏ రూపంలో ఉంటుందో చెప్పే అక్షరాల వరస. గొడవంతా ఆ ప్యాటర్న్‌లోనే. పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. పెద్ద హెచ్ 24 గంటల లెక్క. చిన్న హెచ్ 12 గంటలది, పక్కన ఏఎం, పీఎం ఉండి తీరాలి. పెద్ద వై వారాల లెక్కన నడిచే సంవత్సరం: 2024 డిసెంబర్ 30ని దానితో ప్రింట్ చేస్తే 2025 అంటుంది. ఏడాదంతా బాగానే నడిచి సెలవుల వారంలో బయటపడే బగ్ ఇది.

జావాలో తేదీలు చదివే పాత క్లాస్ సింపుల్‌డేట్‌ఫార్మాట్‌ను కొత్త కోడ్‌లోకి రానివ్వకండి. థ్రెడ్‌సేఫ్ కాదు (ఒకేసారి పలు థ్రెడ్‌లు వాడితే ఫలితం తప్పొచ్చు), పైగా డిఫాల్ట్‌గా ఉదారంగా ఉంటుంది, తప్పు తేదీనీ ఒప్పుకుంటుంది. నెల ముందని ప్యాటర్న్ ఇచ్చి 25/03/2024 చదివిస్తే, ఎర్రర్ ఇవ్వకుండా 2026 జనవరి 3 చేతిలో పెడుతుంది. దాని బదులు వాడే కొత్త క్లాస్ డేట్‌టైమ్‌ఫార్మాటర్ 25వ నెలను ఒప్పుకోదు కానీ, డిఫాల్ట్ స్మార్ట్ మోడ్‌లో ఫిబ్రవరి 30ని నెలాఖరుకు సర్దేస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి. అప్పుడు సంవత్సరానికి చిన్న వై బదులు చిన్న యు నాలుగుసార్లు రాయాలి. లేకపోతే క్రీస్తు పూర్వమో శకమో తేలక లోకల్‌డేట్ (టైమ్, జోన్ లేని ఉత్త తేదీ) తయారవదు. నెల పేరు అక్షరాల్లో వస్తుంటే లొకేల్ (ఏ భాష, ఏ ప్రాంతం) కూడా మీరే చెప్పండి, సర్వర్ సెట్టింగ్‌కు వదలొద్దు.

టైమ్ చివర వచ్చే జెడ్‌ను ప్యాటర్న్‌లో కోట్స్ మధ్య పెట్టడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది. అలా పెడితే అది ఉత్త అక్షరం, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అన్న సంగతి గాలికి పోతుంది. పెద్ద ఎక్స్ మూడుసార్లు రాసి ఆఫ్‌సెట్‌డేట్‌టైమ్‌లోకి (యూటీసీతో తేడాను కూడా దాచుకునే టైపు) చదవండి. జెడ్ వచ్చినా +02:00 వచ్చినా తీసుకుంటుంది. పుట్టినరోజు లాంటి వాటికి మాత్రం టైమ్‌జోన్ అంటించొద్దు, లోకల్‌డేట్‌గానే ఉంచండి. అర్ధరాత్రి యూటీసీగా మార్చారంటే, దానికి పడమరన ఉన్న జోన్లలో ఒక రోజు ముందు తేదీ కనిపిస్తుంది.