గ్లాసా, గ్లాసున్నరా?

రాత్రి పదిన్నర. నాలుగు రోజుల ట్రిప్ పడితే పనికొస్తుందని పొద్దున కట్టుకున్న పులిహోర డబ్బా వంటగట్టు మీద పెట్టుకుని, నిలబడే తింటున్నాను. కంచం తీస్తే మళ్లీ కడగాలి. వేరుశనగలు మెత్తబడిపోయాయి. మెతుకులు గట్టిపడి డబ్బా మూలలకు అతుక్కున్నాయి, చెంచాతో గీరితే గానీ రావడం లేదు. గుమ్మం పక్కన చక్రాల పెట్టె తెల్లవారుజాము 4 నుంచి అలాగే నిలబడి ఉంది. నేను విమానాల్లో ఫ్లైట్ అటెండెంట్‌ని. ఈ రోజు నాకు రిజర్వ్, అంటే కంపెనీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తాలి. ఫోను మోగలేదు.

మోగకపోతే మంచిదే కదా అంటారు. అత్తయ్య కూడా అదే అన్నారు. సాయంత్రం దీపం పెట్టి వస్తూ, "పోనీలే అమ్మాయ్, ఈ రోజంతా హాయిగా ఇంటిపట్టునే ఉన్నావు" అన్నారు. ఆ 'హాయిగా' దగ్గర నాకు చురుక్కుమంది. ఆవిడ అన్నది మంచి మాటే. ఒళ్లు మండాల్సింది అందులో ఏమీ లేదు. అయినా మండింది. పడుకుంటే నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నా హాయి ఎలాంటిదో చెబుతాను. శుక్రవారమైనా తలంటుకోలేదు. తడి జుట్టుతో ఉండగా ఫోను మోగిందంటే ఆరబెట్టి, ముడి చుట్టి, రెండు గంటల్లో షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఉండాలి. మా నేపర్‌విల్ నుంచి మామూలు రోజున ముప్పావు గంట. డిసెంబరులో మంచు పడితే ఎంతసేపో ఆ వేంకటేశ్వరుడికే తెలియాలి. ఆ వేంకటేశ్వరుడు ఉండేది అరోరాలో, విమానాశ్రయానికి సరిగ్గా ఎదురు దిక్కున. కాబట్టి గుడికీ వెళ్లలేదు. దోసెలకు నానబోయలేదు. పప్పు కుక్కర్‌లో పెట్టి, మూడో కూత వచ్చేదాకా ఇంట్లో లేకపోతే ఎలా అనుకుని, మళ్లీ అత్తయ్యకే అప్పగించాను.

మధ్యాహ్నం చిన్నదాని బడిలో కచేరీ. వెళ్లాను. యూనిఫాంలో వెళ్లాను. చివరి వరుసలో తలుపు పక్క కుర్చీ చూసుకుని, కారును రోడ్డు వైపు తిప్పి నిలిపి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది క్లారినెట్ వాయించింది ఎనిమిది నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు నేను చూసింది ఫోను. మా యాప్‌లో రిజర్వ్‌లో ఉన్నవాళ్ల వరుస కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదో స్థానంలో ఉన్నాను. పన్నెండుకు నాలుగు. కచేరీ మొదలయ్యే వేళకు రెండు. ముందున్నావిడను డెన్వర్‌కు లాక్కుపోయారు, నేను ఒకటి. అక్కడి నుంచి రాత్రి దాకా ఒకటే. కారెక్కాక చిన్నది, "ఆ బట్టలతో ఎందుకొచ్చావమ్మా, మా స్నేహితులందరూ అడిగారు" అంది. ఏమని చెప్పను?

"కూర్చున్నా డబ్బులిస్తారుగా" అని ఆయన. ఇస్తారు. నెలకు 75కు అటూ ఇటూగా గంటలకు హామీ ఉంది. ఆ లెక్క నాకూ తెలుసు. కానీ ఏ ఊరికో తెలియకుండా స్వెటరూ పత్తి చొక్కా రెండూ సర్దుకుని, వెళ్తానో లేదో తెలియకుండా పులిహోర కట్టుకుని, రోజంతా ఒక చెవి అటు పడేసి బతకడం కూడా పనే. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు.

దీనికి తోడు ఈ రోజే జనవరి షెడ్యూళ్లు వచ్చాయి. మళ్లీ రిజర్వే. సీనియారిటీ జాబితాలో నా నంబరుకు ఇంకేం వస్తుంది! మేమంతా కోరికల చిట్టా కంప్యూటర్‌లో పెడతాం. ఈ ఊరికి వెళ్తాను, ఈ రోజులు సెలవు కావాలి, రాత్రి విమానం వద్దు, ఇలా. కంప్యూటర్ జాబితాలో మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టి, అడిగింది వడ్డిస్తూ కిందికి వస్తుంది. పెళ్లిలో చివరి పంక్తిలో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది నా బాధ. గారెలు అయిపోయాయి, బొబ్బట్లు అయిపోయాయి, మన ఆకు దగ్గరికి వచ్చేసరికి చారు బకెట్టు. నెలంతటికీ ట్రిప్పులు ముందే తెలిసిన షెడ్యూలును మావాళ్లు లైన్ అంటారు. అది దక్కేవాళ్లు పైవాళ్లు. మిగిలినవాళ్లం రిజర్వ్. ఎవరికి జ్వరమొచ్చినా, ఏ విమానం మంచులో చిక్కుకున్నా ఆ ఖాళీలో మమ్మల్ని తోస్తారు.

చేరిన తేదీ ఒక్కటే లెక్క. ప్రయాణికులు రాసిన మెప్పుకోలు ఉత్తరాలు ఎన్ని ఉన్నా వరుసలో ఒక్క అంగుళం ముందుకు జరగం. ఏ ఊరికి వెళ్లాలి, ఎప్పుడు సెలవు, ఏ తలుపు దగ్గర నిలబడాలి, ఏ ఊరు కేంద్రంగా పనిచేయాలి, అన్నింటికీ అదే తేదీ. ఇరవై ఏళ్లు చేసి ఇంకో కంపెనీకి మారినా అక్కడ మళ్లీ అట్టడుగే. మా బ్యాచ్‌లో అందరం ఒకే రోజు చేరాం కాబట్టి వయసు చూసి వరుస వేశారు, పెద్దవాళ్లు ముందు. 42 ఏళ్ల నేను మొదటిదాన్నయ్యాను. ఇరవై రెండేళ్ల పిల్లలు నావైపు అసూయగా చూశారు. వయసు పెరిగినందుకు నాకు దక్కిన బహుమానం ఇప్పటికి అదొక్కటే.

థాంక్స్‌గివింగ్ రోజున నన్ను వేసిన విమానంలో ఒక పెద్దావిడ ఉంది. మూడు దశాబ్దాలు దాటిన సర్వీసు. మామూలుగా రోమ్ తప్ప మరొకటి ఎగరదట, ఆ రోజు ఎవరి కోసమో మార్చుకుందట. గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, కాఫీ పోస్తూ ఎప్పుడు చేరావని అడిగింది. 2022 అన్నాను. తన బూటు వైపు చూపించి, "ఇవి నీకంటే సీనియర్లు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మూడు రోజులు ఆ బూట్లనే తిట్టుకున్నాను.

మా నాన్న బస్సు కండక్టరు. మొదట్లో నాన్నకు సొంత చార్టు, అంటే రోజూ తనదే అనే ఖాయమైన బస్సు, లేదు, స్పేర్‌లో ఉండేవాడు. మూడున్నరకు లేచి ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిల్ మీద డిపోకు వెళ్లి, వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోవడం. రావలసినవాళ్లు ఎవరైనా రాకపోతే ఆ బస్సు నాన్నది. అది బాపట్ల కావచ్చు, హైదరాబాద్ కావచ్చు, పేరు వినడమే తప్ప ఎక్కడుందో తెలియని ఏ లంక గ్రామమో కావచ్చు. అందరూ వచ్చేస్తే పొద్దెక్కాక ఇంటికి. "ఈ రోజు ఏ ఊరు నాన్నా?" అని అడిగితే "బస్సును అడగాలి" అనేవాడు. నాకది మహా గొప్పగా ఉండేది. మా తరగతిలో అందరి నాన్నలకూ ఎక్కడికి వెళ్లేదీ ముందే తెలుసు. మా నాన్నకు మాత్రమే తెలియదు!

గొప్పగా లేనిది అమ్మకే. రోజూ తెల్లవారుజామున గుమ్మంలో అదే ప్రశ్న. "ఏమండీ, గ్లాసు పొయ్యనా, గ్లాసున్నర పొయ్యనా?" నాన్న మధ్యాహ్నానికి రాకపోతే గ్లాసు బియ్యం చాలు. వస్తే గ్లాసున్నర. "నన్నడిగితే ఏం తెలుసు, కంట్రోలర్‌ని అడుగు" అని నాన్న సైకిలెక్కేవాడు. అమ్మ గొణుక్కుంటూ ఎప్పుడూ గ్లాసున్నరే పోసేది. నాన్న రాకపోతే మిగిలిన అన్నానికి మర్నాడు చింతపండు పులుసు కలిపి తాలింపు పెట్టేది. అందరి ఇళ్లలో పులిహోర పండగ వంటకం. మా ఇంట్లో అది నాన్న రాని రోజుకు మర్నాటి వంటకం. డబ్బా తెరిచి పసుపు కనిపిస్తే బళ్లో పిల్లలు "ఈ రోజు ఏం పండగే?" అని అడిగేవాళ్లు.

నైట్ హాల్టులు కూడా కొత్తవాళ్లకే. రాత్రి ఊళ్లో ఆఖరి బస్సుగా ఆగి, తెల్లవారి అదే మొదటి బస్సుగా బయలుదేరుతుందే, అది. నాన్న డబ్బుల సంచి తల కింద పెట్టుకుని, దోమలకు ఒళ్లప్పగించి రామాలయం అరుగు మీద పడుకునేవాడు. సంక్రాంతికైతే అడగనే వద్దు. ఊరంతా ఇళ్లకు వచ్చే రోజుల్లో వాళ్లను తెచ్చేది ఎవరు మరి? ఒక భోగికి నేను నిద్రపోకుండా మంట దగ్గర కూర్చుని, వచ్చే ప్రతి సైకిల్ గంటకూ లేచి చూశాను. నాన్న వచ్చింది కనుమ రాత్రి, భుజాన రెండు చెరుకు గడలతో, ఒంటినిండా డీజిల్ వాసనతో. నేను మాట్లాడలేదు. చెరుకు మాత్రం తిన్నాను.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు సీనియారిటీ ఎంత అన్యాయమో రాయాలనుకున్నాను. కానీ పోయిన ఆదివారం ఇదే గోడు నాన్నకు ఫోనులో వెళ్లబోసుకుంటే ఆయన ఒప్పుకోలేదు. "జాబితా మీద కోపం తెచ్చుకోకు. దాన్ని పట్టించుకోని పెద్దమనిషి కింద నేను రెండేళ్లు చేశాను. ఎవరు ఆయనింటికి పాలు పోయించి వస్తే వాళ్లకు పగటి బస్సు. జాబితా గోడకెక్కాక ఎవరి గుమ్మం దగ్గరా నిలబడే పని తప్పింది" అన్నాడు. నాకు గేదె లేదు నాన్నా అన్నాను. "అందుకే చెబుతున్నాను, నీకు జాబితానే గతి" అన్నాడు.

అదీ నిజమే. నవ్వుముఖం చూసి ట్రిప్పులు ఇచ్చే పద్ధతైతే, ఈ యాసతో, ఈ వయసులో నేను ఎక్కడుండేదాన్ని? ఈ దేశంలో ఈ ఉద్యోగం చేసిన పాతతరం ఆడవాళ్లకు సీనియారిటీ పోగయ్యే వీలే ఉండేది కాదు. 1960ల దాకా చాలా కంపెనీల్లో పెళ్లి చేసుకుంటే ఇంటికి పంపేవాళ్లు. కొన్నింట్లో 32, 35 ఏళ్లు దాటినా అంతే. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక, వాళ్లు ఫిర్యాదులు చేసి, కోర్టుల దాకా వెళ్లి కొట్లాడితే గానీ ఆ నిబంధనలు పోలేదు. ఉద్యోగంలో ఉండనిస్తేనే కదా వరుసలో ముందుకు జరిగేది!

బెట్టీ నాష్ గురించి మా శిక్షణలోనే విన్నాను. 1957లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, ఆ సర్వీసు కంపెనీల చేతులు మారుతూ పోగా చివరికి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో, 2024లో 88 ఏళ్ల వయసులో పోయేదాకా జాబితాలోనే ఉంది. ప్రపంచంలో ఏ మార్గం అడిగినా దక్కే మనిషి. ఆవిడ అడిగింది వాషింగ్టన్, బోస్టన్‌ల మధ్య తిరిగే విమానం. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొడుకు దగ్గరికి ప్రతి రాత్రీ ఇంటికి చేరాలి కాబట్టి. రోమ్ కాదు, పారిస్ కాదు, రాత్రికి ఇల్లు. ఆవిడ పోయాక కిందున్నవాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరిగి ఉంటారు. ఈ జాబితాలో ఎవరైనా పైకి రావడమంటే ఇంకెవరో వెళ్లిపోవడమే. ఈ నెల నా నంబరు కాస్త జరిగిందని పొద్దున సంతోషించాను. ఎవరు వెళ్లారో అని అప్పుడు తోచలేదు.

బూట్లావిడ కూడా తిరుగు ప్రయాణంలో తన రిజర్వ్ రోజులు చెప్పింది. సెల్‌ఫోన్లు లేని కాలం. ఆరుగురు అమ్మాయిలకు ఒక ఇల్లు, ఒకే ఫోను, దాని పక్కన ఎవరు ఎప్పుడు మాట్లాడవచ్చో రాసిన కాగితం. స్నానానికి వెళ్లాలన్నా ఇంకొకరిని కాపలా పెట్టాలి. మాకిప్పుడు రెండు డ్యూటీల మధ్య 10 గంటల విశ్రాంతి ఖాయం, దానికి 2018లో చట్టం చేస్తే నిబంధన రావడానికి 2022 అక్టోబరు అయింది. అంతకుముందు 9, దాన్నీ 8కి కుదించవచ్చు. ఆ ఎనిమిదిలోనే హోటలుకు వెళ్లడం, రావడం. కాబట్టి రోమ్ ఆవిడ హక్కే. ఒప్పుకుంటున్నాను.

పూర్తిగా ఒప్పుకోలేదు. నాన్నకు పగటి చార్టు దొరికేసరికి నాకు పెళ్లయిపోయి ఈ దేశం వచ్చేశాను. నాన్న ఇంట్లో ఉన్న సంక్రాంతులన్నీ నేను ఫోనులోనే విన్నాను. ఇంట్లో నిద్ర పట్టడం లేదని పెరట్లో మంచం వేసుకుంటున్నాడని అమ్మ ఫిర్యాదు. ఈ జాబితాతో నా పేచీ అక్కడే. ఒళ్లో పసిపిల్ల ఉన్నప్పుడు రాత్రి ఇల్లు ఇవ్వదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక ఇస్తుంది. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి పది నెలల బిడ్డ. క్రిస్మస్‌కు తనకు రిజర్వ్ పడింది. దీపావళికి నా బదులు తను పనిచేసింది, క్రిస్మస్‌కు తన బదులు నేను చేస్తున్నాను. ఆ ఒప్పందం మేమిద్దరం గ్యాలీలో చేసుకున్నది.

మంచి మాట కూడా ఒకటుంది, మర్చిపోయాను. జనవరిలో భోగి, సంక్రాంతి రెండూ నాకు సెలవే. వారం మధ్యలో పడ్డాయి, పైవాళ్లకెవరికీ అక్కర్లేదు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.

డబ్బా కడిగి బోర్లించాను. రేపు 4 నుంచి మళ్లీ రిజర్వ్. పడుకోబోతూ అత్తయ్య గదిలోంచి అడిగారు, "అమ్మాయ్, రేపు నీకు కూడా బియ్యం పొయ్యనా?" ఆవిడకు మా అమ్మ సంగతి తెలియదు.

"గ్లాసున్నర పోయండి అత్తయ్యా" అన్నాను.