మురుగు సొరంగంలో ఒక కాపురం

నాటీ డాగ్ సంస్థ 2013లో విడుదల చేసిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అనే వీడియో గేమ్‌లో (అంటువ్యాధితో నాగరికత కూలిపోయాక మిగిలిన మనుషుల కథ ఇది), పోరాటాలకన్నా నా మనసులో బలంగా నిలిచిపోయింది పిట్స్‌బర్గ్ నగరం దాటాక వచ్చే మురుగు సొరంగాల భాగమే. ఒడ్డున ఆగిన పడవలో దొరికే ‘ఇష్’ అనే వ్యక్తి ఉత్తరం మొదలుకొని, వాననీరు పట్టే ఏర్పాట్లు, గోడల మీది పిల్లల బొమ్మలు ఒక్కొక్కటిగా కంటపడుతుంటే, అక్కడ కొన్ని కుటుంబాలు బతకడానికి ఎంత తాపత్రయపడ్డాయో మనకే అర్థమవుతుంది. ఆ ఊహించే పనిని ఆటగాడికే వదిలేయడం గొప్ప నిర్ణయమని నా అభిప్రాయం. తర్వాత ఒక గదిలో, దుప్పటి కప్పిన చిన్న దేహాలు కనిపిస్తాయి; నేల మీద ‘వాళ్లు బాధపడలేదు’ అన్న రాత ఉంటుంది. అది చదివాక నేను చాలాసేపు ముందుకు కదలలేకపోయాను. ఆట మొత్తంలో ఇష్ మనకు ఒక్కసారి కూడా ఎదురుపడడు.