క్షీర గ్రంథి చాప్టర్: పట్టిక పక్కన పెట్టి కణం బొమ్మ గీశాను

ఫ్రెండ్స్, ఎంట్రన్స్ రిజల్ట్ వచ్చింది, సీటు ఖాయమైంది. ఇంకా నమ్మలేకపోతున్నాను! ఫిజియాలజీ ఎలా చదివావని అడుగుతున్నవాళ్లకే ఇది. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే. చాలామంది వదిలేసే క్షీర గ్రంథి (పాలు తయారుచేసే గ్రంథి) గురించే చెప్తాను, నా ర్యాంకును నిలబెట్టింది అదే.

ఈస్ట్రోజన్‌కి నాళాలు, ప్రొజెస్టిరాన్‌కి ఆల్వియోలై (పాలు తయారయ్యే చిన్న తిత్తులు), ప్రొలాక్టిన్‌కి పాల తయారీ, ఆక్సిటోసిన్‌కి పాలు చేపడం. ఈ పట్టిక అందరికీ నోటికొచ్చు. ఎలక్ట్రాన్ మైక్రోగ్రాఫ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసిన ఫొటో) ఇచ్చి కణం ఏ దశలో ఉందని అడిగితే మాత్రం పట్టిక ఆదుకోదు.

అందుకే ఒక్క ఆల్వియోలార్ కణాన్నే తీసుకుని, హార్మోను చేరిన ప్రతిసారీ కొత్తగా గీశాను. గర్భానికి ముందు కణం చిన్నది, ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణం లోపలి పొరల వల) పలచన. ఇన్సులిన్‌తో పాటు కార్టిసాల్ అందితే రఫ్ ఈఆర్ (ప్రొటీన్లు తయారయ్యే ఈఆర్ భాగం) పొరలు పొరలుగా పెరుగుతుంది. ప్రొలాక్టిన్ జాక్2, స్టాట్5 అనే సంకేత ప్రొటీన్ల ద్వారా కేసీన్ (పాల ప్రొటీన్) జన్యువులను పనిలో పెడుతుంది. గాల్జీ (ప్రొటీన్లను ప్యాక్ చేసే భాగం) పెద్దదై కేంద్రకం పైభాగాన చేరుతుంది.

మరి గర్భంలో ప్రొలాక్టిన్ అంత ఉన్నా పాలు ఎందుకు పడవు? నాకు చాప్టరంతా తెరుచుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. ప్రొజెస్టిరాన్ అడ్డుపడుతోంది. గర్భం చివర్లో కణంలో పెద్ద పెద్ద కొవ్వు బిందువులు నిలిచి ఉంటాయి, టైట్ జంక్షన్లు (పక్కపక్క కణాల మధ్య సందును మూసే అతుకులు) వదులుగా ఉంటాయి. మాయ బయటపడి ప్రొజెస్టిరాన్ పడిపోయాక జంక్షన్లు బిగుస్తాయి, కేంద్రకం అడుగుకి సర్దుకుంటుంది, చిన్న కొవ్వు బిందువులూ కేసీన్ వెసికిల్సూ (కేసీన్ నిండిన చిన్న సంచులు) ల్యూమెన్ (తిత్తి లోపలి ఖాళీ) వైపు చేరతాయి. ముర్రుపాలలో సోడియం ఎక్కువ, తర్వాతి పాలలో తక్కువ ఎందుకో ఆ బిగిసిన జంక్షన్లే చెప్తాయి. బట్టీ అక్కర్లేదు.

ఒక్క చాప్టర్‌కి ఇంత టైమా అని చాలామంది అన్నారు. నేను చేసింది సరైనదే. ఎక్సోసైటోసిస్, సెల్ జంక్షన్లు, స్టెరాయిడ్ హార్మోన్లు, అన్నీ ఈ ఒక్క కణంలోనే రివిజన్ అయిపోయాయి. కేసీన్ వెసికిల్ కణం పైపొరతో కలిసిపోయి లోపలి కేసీన్‌ని బయటికి వదులుతుంది (ఇదే ఎక్సోసైటోసిస్), కొవ్వు బిందువు మాత్రం కణం పైపొరనే చుట్టుకుని వెళ్తుంది. ఈ తేడా రాసినవాడికీ రాయనివాడికీ మార్కులు ఒకటి కావు. మూడ్ ఉన్నా లేకపోయినా రోజూ పుస్తకం మూసి గీయండి. వాయిదా వేసేవాళ్లకి ఈ సబ్జెక్టు లొంగదు.

మిగతావి మామూలే: పాత పేపర్లు, మాక్ టెస్టులు, నిద్ర. ఇన్వల్యూషన్ (గ్రంథి మళ్లీ కుంచించుకుపోవడం) బొమ్మ కూడా వదలొద్దు. పిల్ల పాలు మానేశాక స్టాట్5 తగ్గి స్టాట్3 (అదే కుటుంబంలోని ఇంకో ప్రొటీన్) పెరుగుతుంది, స్రావక కణాలు (పాలు స్రవించే కణాలు) అపోప్టోసిస్‌తో (కణం తనంతట తాను చనిపోవడం) రాలిపోతాయి, వాటి చోటును కొవ్వు కణాలు ఆక్రమిస్తాయి.